డ్రాఫ్ట్‌కి ముందు ఎవరూ పట్టించుకోని ఆటగాణ్ని గుర్తుపట్టడం ఎలా?

మీరు అడిగింది ఇది: ఎన్‌బీఏ డ్రాఫ్ట్ (అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) దగ్గరపడింది, ఏ మాక్ డ్రాఫ్ట్ (ఎవరు ఎన్నో స్థానంలో వెళ్తారన్న ముందస్తు అంచనా) చూసినా మొదటి పది పేర్ల గురించే చర్చ, కింద ఎక్కడో ఉండిపోయిన మంచి ఆటగాణ్ని ముందుగానే గుర్తుపట్టడం మామూలు ప్రేక్షకుడి వల్ల అవుతుందా? సూపర్‌స్టార్ జోకిచ్ 41వ పిక్ (41వ వంతులో ఎంపికైనవాడు) కదా, అలాంటివాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారా అని కూడా అడిగారు.

రెండోది ముందు చెప్తాను. జోకిచ్ లాంటివాడు ప్రతి ఏడాదీ ఉండడు. 2014లో డెన్వర్ అతని పేరు ప్రకటించిన సమయానికి అమెరికా టీవీలో యాడ్ నడుస్తోంది. అలాంటివాడు తర్వాత మూడుసార్లు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) కావడం అరుదైన సంగతి, దాన్ని కొలతగా పెట్టుకుంటే ఎవరినీ గుర్తుపట్టలేం. కానీ 2025 ఫైనల్స్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఓక్లహోమా సిటీ వైపు హార్టెన్‌స్టైన్ 43వ పిక్, ఆరన్ విగిన్స్ 55వ పిక్, లూ డోర్ట్‌ని అసలు ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. ఇండియానా వైపు నెంబార్డ్ 31వ పిక్, మెకానెల్‌నీ ఎవరూ తీసుకోలేదు. ఏడు మ్యాచ్‌ల దాకా వెళ్లిన ఫైనల్స్‌లో వీళ్లందరూ నిమిషాలకు నిమిషాలు ఆడారు. మనం వెతకాల్సింది ఇలాంటివాళ్లను. వీళ్లు దాదాపు ప్రతి ఏడాదీ ఉంటారు.

ఇక మొదటి ప్రశ్న. ఎవరికీ పట్టనివాడు ఎవడా అని నేను వెతకను. ఒక ఆటగాడి పేరు కింద కనిపిస్తే, ఏ కారణంతో కిందకి తోశారు, ఆ కారణం వల్ల కోర్టులో నిజంగా మ్యాచ్ పోతుందా అని చూస్తాను. నా పద్ధతి అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. ఇది నాకు ఎలా అలవాటైందో చెప్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

అమెరికాలో మాస్టర్స్ చదివేటప్పుడు మా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ టీమ్ వీడియో రూమ్‌లో రెండు సీజన్లు పని చేశాను. డివిజన్ వన్ (కాలేజీ ఆటలో పై అంచె) టీమే కానీ చిన్న కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు), టీవీలో కనిపించేది తక్కువ. మా పని ఏంటంటే, రాబోయే ప్రత్యర్థి ఆడిన చివరి ఐదారు మ్యాచ్‌లు తీసుకుని ఒక్కో పొజెషన్‌నీ (బంతి ఒక టీమ్ చేతిలో ఉన్నంతసేపు సాగే ఆట) విడగొట్టి, పిక్ అండ్ రోల్ (టీమ్‌మేట్ డిఫెండర్‌కి అడ్డు నిలిచి, తర్వాత బుట్ట వైపు కదలడం) అయితే ఒక ట్యాగ్, పోస్ట్ అప్ (బుట్ట దగ్గర వీపు ఆనించి ఆడటం) అయితే ఒక ట్యాగ్, ట్రాన్సిషన్ (బంతి దొరకగానే పరుగున దాడి) అయితే ఇంకొకటి పెట్టి కోచ్‌కి ఇవ్వడం. ఒక మ్యాచ్ పూర్తి చేయడానికి నాలుగు గంటలు పట్టేది. ఆ నాలుగు గంటల్లో స్కోరు మీద ధ్యాస పోతుంది. బంతి లేనివాళ్లు ఏం చేస్తున్నారో కనిపించడం మొదలవుతుంది.

ఒక రోజు అలా ఒక ప్రత్యర్థి టీమ్ ఫిల్మ్ కట్ చేస్తున్నాను. వాళ్ల గార్డ్ (బంతి నడిపించే ఆటగాడు) ఒకతను నాలుగో ఏడాది కుర్రాడు, మ్యాచ్‌కి పదకొండు, పన్నెండు పాయింట్లు వేసేవాడు, అంతే. మా స్కౌటింగ్ కాగితం మీద అతని పేరు పక్కన ఒకే లైన్ రాసి ఉంది: పొట్టి, నిదానం, ఎడమవైపు తోలండి. ఒక పొజెషన్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. అతను కుడిచేత్తో డ్రిబుల్ చేస్తూ టాప్ దగ్గర (బుట్టకి ఎదురుగా, దూరంగా) నిలబడ్డాడు. స్క్రీన్ పెట్టడానికి (డిఫెండర్‌కి అడ్డు నిలబడటానికి) సెంటర్ పైకి వస్తున్నాడు. అప్పుడు ఇతను ఖాళీగా ఉన్న ఎడమచేతిని తొడ దగ్గరే ఉంచి, రెండు వేళ్లు కొద్దిగా కదిపాడు. కార్నర్‌లో ఉన్న షూటర్ రెండడుగులు పైకి జరిగాడు. దాంతో అతన్ని కాస్తున్న డిఫెండర్ కూడా రెండడుగులు పైకి వచ్చాడు, బుట్ట కింద చోటు తెరుచుకుంది. స్క్రీన్ పడగానే సెంటర్‌కి బంతి, డంక్. బాక్స్ స్కోరులో (మ్యాచ్ అంకెల పట్టికలో) అది ఒక అసిస్ట్ (బుట్టలో పడ్డ షాట్‌కి ముందు వేసిన పాస్). కానీ అసలు పని బంతి కదలకముందే అయిపోయింది.

వెనక్కి తిప్పి ఐదారుసార్లు చూశాను. తర్వాత మిగతా మ్యాచ్‌లలో అతని చేతినే చూస్తూ కూర్చున్నాను. ప్రతి మ్యాచ్‌లోనూ అదే. ఒక్కోసారి టీమ్‌మేట్ అర్థం చేసుకునేవాడు, ఒక్కోసారి కాదు. అర్థం చేసుకోనప్పుడు అతను విసుక్కునేవాడు కాదు, డెడ్ బాల్‌లో పక్కకి వెళ్లి భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పేవాడు. మా కోచ్‌కి చూపిస్తే ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని మరోసారి వేయమన్నాడు. ఆ తర్వాత స్కౌటింగ్ కాగితం మార్చాం. అయినా మ్యాచ్‌లో మమ్మల్ని ఓడించాడు.

పొట్టి అన్నది నిజమే, నిదానం అన్నదీ నిజమే. కానీ ఆ రెండూ అతని ఆటను ఎక్కడా ఆపడం లేదు, ఎందుకంటే అవతలివాళ్ల కంటే ఒక అర సెకను ముందు అతనికి తెలిసిపోతోంది. ఇదే పోలిక పెద్ద స్థాయిలో చూడాలంటే జేలెన్ బ్రన్సన్ ఉన్నాడు. విలనోవా కాలేజీకి 2016లో, 2018లో రెండు టైటిళ్లు, 2018లో దేశంలోనే బెస్ట్ కాలేజీ ప్లేయర్ అవార్డులు. అయినా ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో అతని సొంత టీమ్‌మేట్లు ముగ్గురు అతనికంటే ముందు వెళ్లారు: బ్రిడ్జెస్ 10, డివించెంజో 17, స్పెల్‌మన్ 30. బ్రన్సన్ 33. కారణం ఎత్తు, వేగం, ఎగరడం. కాలేజీలో మూడేళ్లు కళ్ల ముందే ఆడుతున్నవాణ్ని కొలతలు చూసి కిందకి నెట్టారు. 2025లో న్యూయార్క్‌ని పాతికేళ్ల తర్వాత ఈస్ట్ ఫైనల్స్‌కి (లీగ్‌లో సెమీఫైనల్ లాంటిది) తీసుకెళ్లింది అతనే.

అయితే ఎత్తు తక్కువైతే ఫర్వాలేదు అని నేను అనడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. ఎత్తు తక్కువైతే డిఫెన్స్‌లో అతన్నే ఏరి మరీ టార్గెట్ చేస్తారు. అందుకే పొట్టి గార్డ్‌ని చూసేటప్పుడు అఫెన్స్ కంటే డిఫెన్స్ ఎక్కువ చూడాలి. పెద్దవాడు పోస్ట్‌లోకి నెట్టినప్పుడు కాళ్లు నిలుపుకుంటున్నాడా? కింది నుంచి బంతి మీద చెయ్యి వేస్తున్నాడా? లేక చేతులు పైకెత్తి వదిలేస్తున్నాడా? నేను చూసిన ఆ గార్డ్ నిలబడేవాడు, బ్రన్సన్ నిలబడేవాడు. నిలబడనివాళ్లు చాలామంది ఉంటారు, వాళ్ల విషయంలో టీమ్‌ల భయం న్యాయమైనదే.

వయసు సంగతి ఇంకోలా ఉంటుంది. 22, 23 ఏళ్లవాళ్లను వెనక్కి నెట్టడానికి టీమ్‌లకు సొంత లెక్క ఉంది. ఫస్ట్ రౌండ్ (మొదటి ముప్పై పిక్‌లు) కాంట్రాక్ట్‌లో మొదటి రెండేళ్లు గ్యారంటీ, తర్వాత రెండేళ్లు టీమ్ ఇష్టం. ఆ నాలుగేళ్లు పూర్తయ్యేసరికి 19 ఏళ్లవాడు ఇంకా 23లో ఉంటాడు, 22 ఏళ్లవాడు 26కి వచ్చేస్తాడు. పైపెచ్చు 22 ఏళ్లవాడు 18 ఏళ్ల పిల్లల మీద ఆడి సాధించిన అంకెల్ని అంతగా నమ్మలేం కూడా. టాప్ ఐదులో పిక్ ఉన్న టీమ్ ఇలా ఆలోచించడంలో తప్పు లేదు. కానీ 25 నుంచి 40 మధ్య పిక్ ఉన్న టీమ్‌కి చాలాసార్లు వచ్చే సీజన్‌లో పదిహేను నిమిషాలు తప్పులు లేకుండా ఆడేవాడు కావాలి. అక్కడ వయసు లోపం కాదు. డ్రేమండ్ గ్రీన్ మిషిగన్ స్టేట్‌లో నాలుగేళ్లు ఉన్నాడు, ఆఖరి ఏడాది బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో ప్లేయర్ ఆఫ్ ది ఇయర్, 2012లో 35వ పిక్. హెర్బ్ జోన్స్ అలబామాలో నాలుగేళ్లు, 2021లో అతనిదీ 35వ పిక్కే. డెస్మండ్ బేన్ టీసీయూ కాలేజీలో నాలుగేళ్లు, 2020లో 30వ పిక్. నాలుగేళ్ల ఫిల్మ్ అందరి ముందూ ఉంది, దాచింది ఏమీ లేదు.

ఈ ముగ్గురిలో నాకు బాగా నచ్చే ఉదాహరణ హెర్బ్ జోన్స్. కాలేజీలో అతను పెద్ద స్కోరర్ కాదు, షాట్ మీద అనుమానం ఉండేది. కానీ 2021లో తన కాన్ఫరెన్స్ ఎస్ఈసీలో ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అతనే, డిఫెన్సివ్ ప్లేయర్ ఆఫ్ ది ఇయరూ అతనే. మొదటి రోజు నుంచే ఎన్‌బీఏలో పనికొచ్చే పని ఒకటి చేతిలో ఉంది: అవతలి టీమ్‌లో ఎవడు బాగా ఆడుతున్నా వెళ్లి వాణ్ని పట్టుకోవడం. 2024లో ఆల్ డిఫెన్సివ్ ఫస్ట్ టీమ్‌లోకి (లీగ్‌లో అత్యుత్తమ డిఫెండర్లు ఐదుగురి జాబితా) వచ్చాడు. డ్రాఫ్ట్ ముందు నేను ప్రతి ఆటగాడి విషయంలోనూ వేసుకునే రెండో ప్రశ్న ఇక్కడి నుంచే వచ్చింది. టీమ్ ఇతని కోసం ఒక్క ప్లే (ముందే అనుకున్న ఎత్తుగడ) కూడా గీయకపోతే, ఇతను కోర్టులో ఎందుకు ఉండాలి?

ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్లే నేనొకసారి పూర్తిగా పొరబడ్డాను. మా కాన్ఫరెన్స్‌లోనే ఇంకో టీమ్‌లో ఒక స్కోరర్ ఉండేవాడు. మ్యాచ్‌కి ఇరవై పైగా పాయింట్లు. మా మీద ముప్పై దాటాడు. ఇతను కచ్చితంగా ఎన్‌బీఏ ఆటగాడు అని వీడియో రూమ్‌లో అందరితో వాదించాను. తర్వాత వేసవిలో తీరిగ్గా అతని ఫిల్మ్ మళ్లీ చూస్తే అప్పుడు కనిపించింది. బంతి చేతిలో లేకపోతే అతను మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడేవాడు. షాట్ మిస్ అయితే వెనక్కి పరిగెత్తేవాడు కాదు. ఆ టీమ్‌లో బంతి మొత్తం అతని చేతిలోనే ఉండేది కాబట్టి అది ఎవరికీ తప్పుగా తోచలేదు. కానీ ఎన్‌బీఏలో కొత్తగా వెళ్లినవాడికి ఎవరూ అన్ని షాట్లు ఇవ్వరు. ఇరవై షాట్లు వేసేవాడు నాలుగు షాట్లతో బతకాలి. అలా బతకగలడా లేదా అన్న ఆధారం అతని ఫిల్మ్‌లో ఎక్కడా లేదు. అతను డ్రాఫ్ట్ కాలేదు.

చిన్న కాలేజీ అన్న కారణం అన్నిటికంటే బలహీనమైనదని నా అభిప్రాయం, నేను అక్కడి నుంచే వచ్చాను కాబట్టి కొంత పక్షపాతం ఉందనుకున్నా సరే. డెరిక్ వైట్ హైస్కూల్ అయ్యాక డివిజన్ టూలో మూడేళ్లు ఆడాడు, తర్వాత కొలరాడోలో ఒక్క ఏడాది, 2017లో 29వ పిక్, 2024లో బోస్టన్‌తో టైటిల్. జేలెన్ వెల్స్ కూడా డివిజన్ టూలో మొదలై వాషింగ్టన్ స్టేట్ మీదుగా 2024లో 39వ పిక్‌గా మెంఫిస్‌కి వెళ్లాడు, మొదటి ఏడాదే ఆల్ రూకీ ఫస్ట్ టీమ్ (కొత్తవాళ్లలో అత్యుత్తమ ఐదుగురి జాబితా). జేలెన్ విలియమ్స్‌ది శాంటా క్లారా. అతని చేతులు బార్లా చాపితే 7 అడుగుల 2 అంగుళాలు, షికాగో కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు కొలతలు, ఆట చూసే శిబిరం) ఆ కొలత, ఆ ఆట చూశాక ఒక్కసారిగా పైకి లేచాడు, 2022లో 12వ పిక్. 2025 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో 40 పాయింట్లు కొట్టింది అతనే. కంబైన్‌కి ముందు ఏడాదంతా అతను అవే చేతులతో ఆడాడు కదా, చూసినవాళ్లు తక్కువ, అంతే. ఇక యాంటెటోకుంపో అయితే గ్రీస్ రెండో డివిజన్‌లో ఆడుతుండగా 2013లో 15వ పిక్.

చిన్న చోట ఆడేవాణ్ని చూసేటప్పుడు ఒక్కటి చేయండి. మొత్తం సీజన్ సగటు పక్కన పెట్టి, ఆ టీమ్ నవంబర్, డిసెంబర్‌లలో పెద్ద కాలేజీల మీద ఆడిన రెండు మూడు మ్యాచ్‌లు పూర్తిగా చూడండి. పాయింట్లు తగ్గుతాయి, అది సహజం. కానీ అతను షాట్ కోసం ఖాళీ సృష్టించుకోగలుగుతున్నాడా, పొడుగ్గా ఉన్న డిఫెండర్లు వచ్చినప్పుడు పాస్ ముందే వేస్తున్నాడా, లేక బంతి పట్టుకుని తికమకపడుతున్నాడా, ఇవి చూస్తే సరిపోతుంది.

షూటింగ్ అనుమానం ఉన్నవాళ్ల విషయంలో మాత్రం నేను జాగ్రత్తగా ఉంటాను, ఎందుకంటే అది నిజంగా మ్యాచ్ పోయే కారణం. షూట్ చేయలేనివాణ్ని డిఫెన్స్ వదిలేస్తుంది, దాంతో మిగతా నలుగురికీ ఊపిరాడదు. ఇక్కడ నేను త్రీ పాయింట్ (దూరం నుంచి వేసే షాట్) శాతం కంటే ఫ్రీ త్రో శాతం ముందు చూస్తాను. కాలేజీలో ఒక ఏడాది త్రీలు చాలామందికి వందా, నూటయాభై, అందులో అదృష్టం చాలా ఉంటుంది. ఫ్రీ త్రో దగ్గర డిఫెండర్ ఉండడు, దూరం మారదు, చేతి పని మాత్రమే కనిపిస్తుంది. కవాయి లెనర్డ్ కాలేజీలో ఆడిన రెండేళ్లూ త్రీలలో 30 శాతం దాటలేదు, కానీ ఫ్రీ త్రోలు 70 శాతం పైనే. 2011లో 15వ పిక్‌గా వెళ్లాక శాన్ ఆంటోనియోలో షూటింగ్ కోచ్ చిప్ ఎంగెలాండ్ అతని షాట్‌ని సరిచేశాడు. చేయి బాగుంటే షాట్ బాగుపడే అవకాశం ఉంది. ఫ్రీ త్రోలు కూడా 55 శాతం అయితే నేను ఆశ పెట్టుకోను.

ఇప్పటివరకు చెప్పింది ఆటగాడి వైపు సంగతి. రెండో సగం టీమ్ వైపు ఉంటుంది, అది నేను దగ్గర్నుంచి చూశాను.

మా టీమ్‌లో ఒక ఫార్వర్డ్ ఉండేవాడు. ఆరడుగుల ఆరు అంగుళాలు, రీబౌండ్ కోసం ఎప్పుడూ మోకాళ్ల మీద గాయాలే. అతని మీద నాకు పూర్తి నమ్మకం ఉండేది. మేలో, జూన్‌లో ఐదు టీమ్‌లు వర్కౌట్‌కి పిలిచాయి. ఫస్ట్ రౌండ్‌లో వెళ్లడని అందరికీ తెలుసు, సెకండ్ రౌండ్ చివర్లో ఆశ. అప్పట్లో రెండు రౌండ్లూ ఒకే రాత్రి జరిగేవి. అతని అపార్ట్‌మెంట్‌లో పది మందిమి ఉన్నాం, అతని అమ్మ వంటగది తలుపు దగ్గరే నిలబడింది, ఒక్క క్షణం కూర్చోలేదు. నలభయ్యో పిక్ దాటింది. ఫోన్ మోగింది, ఏజెంట్. ఒక టీమ్ యాభైల్లో తీసుకుంటుంది కానీ టూ వే కాంట్రాక్టే (ఎన్‌బీఏ టీమ్‌కీ, దాని కింది జీ లీగ్ టీమ్‌కీ మధ్య తిరిగే తక్కువ జీతం ఒప్పందం) ఇస్తుంది, పైగా ఆ టీమ్‌లో అతని పొజిషన్‌లో అప్పటికే నలుగురు ఉన్నారు. వద్దంటే డ్రాఫ్ట్ అవ్వకుండా తనకి నచ్చిన టీమ్‌ని ఎంచుకోవచ్చు. ఆలోచించుకోవడానికి రెండు నిమిషాలు కూడా లేవు. టీవీలో పేరు వినాలని చిన్నప్పటి నుంచి కోరిక. అతను బాల్కనీలోకి వెళ్లి, తిరిగి వచ్చి, ఫోన్‌లో వద్దని చెప్పాడు. వాళ్లమ్మ ఏమీ అనలేదు, వచ్చి తల నిమిరింది.

ఆ రాత్రి దాకా నాకు తెలియని విషయం ఇది: సెకండ్ రౌండ్ చివర్లో పిలిచిన పేరుకీ, పిలవని పేరుకీ మధ్య తేడా చాలాసార్లు ఆటగాడి స్థాయి కాదు, ఫోన్‌లో జరిగిన బేరం. ఫ్రెడ్ వాన్‌వ్లీట్ 2016లో డ్రాఫ్ట్ కాలేదు, తనకి సరిపడని ఒప్పందంతో తీసుకుంటామన్నవాళ్లకు వద్దన్నాడు. టొరంటోతో 2019లో టైటిల్ గెలిచాడు, 2022లో ఆల్ స్టార్ అయ్యాడు. అటువైపు, పేరు పిలిచినంత మాత్రాన దారి తెరుచుకోదు. భారత్‌లో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు సత్‌నామ్ సింగ్, 2015లో డాలస్ 52వ పిక్. ఆ రోజు నేను ఎంత సంతోషించానో చెప్పలేను. కానీ ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం అతనికి రాలేదు.

అందుకే ఒక పేరు మీద నమ్మకం కుదిరాక, అతన్ని ఎవరు తీసుకున్నారో కూడా అంతే శ్రద్ధగా చూడండి. ఆ టీమ్‌లో అతని పొజిషన్ ఖాళీగా ఉందా? తమ జీ లీగ్ టీమ్ నుంచి కుర్రాళ్లను పైకి తెచ్చే అలవాటు ఉందా? ఇప్పుడు ఒక్కో టీమ్‌కి మూడు టూ వే స్థానాలు ఉన్నాయి కాబట్టి దారులు గతంలో కంటే ఎక్కువే. మయామీ లాంటి టీమ్ డంకన్ రాబిన్సన్‌ని డ్రాఫ్ట్ అవ్వని స్థితి నుంచి ఫైనల్స్ దాకా తెచ్చింది. అతను మొదట ఆడింది డివిజన్ త్రీలో. వేరే చోటైతే ఆ అవకాశం వచ్చేదో లేదో.

మీరు ఈ ఏడాది ప్రయత్నించాలనుకుంటే ఇరవై పేర్లు పెట్టుకోకండి, మూడు చాలు. ఒక్కొక్కరివీ హైలైట్లు కాకుండా రెండు పూర్తి మ్యాచ్‌లు చూడండి, అందులో ఒకటి ఓడిపోయింది అయి ఉండాలి. మొదటి పది నిమిషాలు బంతిని వదిలేసి అతన్నే చూడండి. టర్నోవర్ చేశాక తర్వాతి మూడు సెకన్లు ఏం చేశాడు? బెంచ్‌కి పిలిచినప్పుడు ఎక్కడ కూర్చున్నాడు, టైమౌట్‌లో ఎవరి మొహం చూస్తున్నాడు? తర్వాత అతన్ని ఎందుకు కింద పెట్టారో ఒక లైన్‌లో రాసుకోండి. మీరు చూసిన రెండు మ్యాచ్‌లలో ఆ కారణం వల్ల ఎన్ని పొజెషన్లు పోయాయో లెక్కపెట్టండి. నేను ఇప్పటికీ పాత నోట్‌బుక్‌లో అలాగే గీతలు గీసి లెక్కపెడతాను.

మా ఫార్వర్డ్ సంగతి అడుగుతారని తెలుసు. వేసవి లీగ్‌లో నాలుగు మ్యాచ్‌లు, జీ లీగ్‌లో ఒక సీజన్ ఆడాడు, ఎన్‌బీఏ కాంట్రాక్ట్ రాలేదు. ఇప్పుడు యూరప్‌లో మంచి లీగ్‌లో స్టార్టర్. మొన్న మెసేజ్ పెట్టాడు, వాళ్ల టీమ్‌కి పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు వచ్చాడట, ఈసారి కాకపోయినా వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో అతని పేరు చూడు, ఫిల్మ్ పంపిస్తాను అని. పంపించాడు. మొదటి మ్యాచ్ సగం చూశాను, నోట్‌బుక్‌లో ఇంకా రెండే గీతలు ఉన్నాయి.